గేమ్ కోసం ఇంటి తాళం తీయకండి చెల్లెమ్మా

ప్రశ్న

అన్నగారికి నమస్కారాలు. మాది నరసన్నపేట. మావారు పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీలు చేస్తారు. నేను ఇంటిదగ్గరే బ్లౌజులు కుడతాను. డిజైన్లు ఫోన్లోనే వస్తాయి, డబ్బులూ ఫోన్లోనే పడతాయి, అంచేత ఇంట్లో ఫైబర్ నెట్టు పెట్టించుకున్నాం. మొన్న సంక్రాంతికి అమెరికా నుంచి మా అన్నయ్య వచ్చి, వాళ్ళ పిల్లలు ఆడి ఒగ్గేసిన నింటెండో డీఎస్ లైట్ మా గుంటడికి ఇచ్చి వెళ్ళాడు. పుస్తకంలాగ మడత పెట్టేది, రెండు తెరలుంటాయి. దాంతోపాటు మారియో కార్ట్ అని కార్ల రేసు ఇచ్చాడు. మావాడు ఐదో తరగతి.

ఒక్కడూ ఆడుకున్నన్నాళ్ళు ఏ గొడవా లేదు. ఆ రేసులోనే వైఫై మెనూ ఒకటుందని కనిపెట్టాడు. అమెరికాలో ఉన్న బావతో ఆడతాడంట, కలపమని పీకలమీద కూర్చున్నాడు. వెతికితే మా వైఫై పేరు కనిపిస్తుంది గానీ పక్కన బూడిదరంగు తాళం బొమ్మ వస్తుంది, నొక్కితే ఒప్పుకోదు. పేరూ పాస్‌వర్డూ చేత్తో కొట్టి చూశాను. 51300 అని నంబరు చూపించి ఆగిపోతుంది. పది రోజులు ఇదే పని. చివరికి కేబుల్ అబ్బాయిని పిలిస్తే, రౌటర్లో ఏదో ‘వెప్’ అని మార్చాడు. అప్పట్నుంచి టీవీలో సినిమా ఆగి ఆగి వస్తోంది, నా ఫోన్లో ‘బలహీనమైన భద్రత’ అని కనిపిస్తోంది. గేమ్ మాత్రం ఇంకో నంబరు చూపించి మళ్ళీ ఆగిపోయింది. ‘పాస్‌వర్డే తీసేస్తే ఏ గోలా ఉండదు మేడం’ అని అదీ తీసేసి వెళ్ళిపోయాడు. రెండు రోజులు అలాగే ఉంది. పక్కింటి మేడమీద అద్దెకున్న కాలేజీ కుర్రాళ్ళు మా అరుగు దగ్గర ఫోన్లు పట్టుకుని తచ్చాడుతుంటే ఎందుకో నాకు తట్టలేదు. నైట్ డ్యూటీ దిగి వచ్చిన మావారికి తట్టింది. తలుపులు బార్లా తీసి పడుకుంటావా అని ఒకటే కేకలు.

ఇప్పుడు మళ్ళీ పాస్‌వర్డ్ పెట్టించాం గానీ ఏ రకం పెట్టాడో తెలీదు. ముందుగదిలో మా అత్తయ్య కోసం పెట్టిన కెమెరా కూడా ఆ వైఫై మీదే నడుస్తుంది. గేమ్ పాడైందా? కొత్త రౌటర్ కొనాలా? అన్నట్టు, ఛార్జింగ్ అన్నయ్య ఇచ్చిన బరువైన పెట్టెకి గుచ్చి పెడుతున్నాం, అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. వాడు రోజూ బడి నుంచి రాగానే ‘అమ్మా, ఇయ్యాల కలుస్తాదేటి?’ అని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచడం లేదు.

– ఒక తల్లి, నరసన్నపేట

జవాబు

చెల్లెమ్మా, గేమ్ పాడవలేదు. మీరు పాస్‌వర్డ్ తప్పు కొట్టలేదు. కొత్త రౌటర్ కొనొద్దు, కొంటే ఆ గేమ్‌కి మీ వైఫై ఇంకాస్త దూరమవుతుంది తప్ప దగ్గరవదు. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, పది రోజులు పడ్డ అవస్థ తల్చుకుంటే మీకు ఒళ్ళు మండుతుందని తెలిసినా. మీ గుంటడు వెళ్ళాలనుకుంటున్న ఆ ఆన్‌లైన్ రేసుల సర్వర్లని నింటెండో వాళ్ళు 2014 మే 20న మూసేశారు. మీరు తాళాలన్నీ తీసి దారి చూపించినా అవతల తలుపు తీసేవాడు లేడు. పాస్‌వర్డ్ లేకుండా ఉన్న రెండు రోజుల్లో కూడా గేమ్ ఎందుకు ఆడలేదా అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. అందుకే.

గేమ్ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు మీ రౌటర్ సంగతి. ఇది మాత్రం ఈ రాత్రి వంట అయ్యాక కూర్చుని చేసేయండి, రేపటికి పెట్టుకోవద్దు. కేబుల్ అబ్బాయి అక్కర్లేదు, పది నిమిషాల పని.

రౌటర్‌ని తిరగేస్తే అడుగున స్టిక్కర్ ఉంటుంది. దానిమీద 192.168.1.1 అనో 192.168.0.1 అనో ఒక అంకెల వరస, దాని కింద యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. మీ ఫోన్ ఇంటి వైఫైలో ఉండగా బ్రౌజర్ తెరిచి, పైన ఆ అంకెలు కొట్టండి. రౌటర్ లోపలి పేజీ వస్తుంది. అందులో వైర్‌లెస్ అనో డబ్ల్యూలాన్ అనో ఉన్నచోట సెక్యూరిటీ అని చూడండి. అక్కడ ‘వెప్’ అని గానీ ‘ఓపెన్’ అని గానీ ఉంటే మార్చి ‘డబ్ల్యూపీఏ2 పర్సనల్’ అనే గట్టి తాళం ఎంచుకోండి, పక్కనే ఇంకో పెట్టెలో టీకేఐపీ, ఏఈఎస్ అని రెండుంటే ఏఈఎస్ తీసుకోండి. కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. పాతదే మళ్ళీ పెట్టొద్దు, ఈపాటికి అది ఎంతమంది నోళ్ళలో ఉందో తెలీదు. కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలి, పన్నెండు దాటితే ఇంకా మంచిది. ఫోన్ నంబరు, పిల్లాడి పేరు, పుట్టినరోజు వద్దు. మీరు రోజూ పలికే మూడు నాలుగు పొడి మాటల్ని అతికించి ఇంగ్లీషు అక్షరాల్లో రాసేయండి, గుర్తూ ఉంటుంది, ఊహించడం కూడా కష్టం.

చాలామంది వదిలేసే పని ఇంకొకటుంది. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ లోపలి పేజీలోకి వెళ్ళే పాస్‌వర్డ్ వేరు. మొదటిది వీధి తలుపు తాళమైతే రెండోది బీరువా తాళం. ఆ బీరువా తాళంచెవి స్టిక్కర్ మీదే అచ్చువేసి ఉంటుంది, చాలా రౌటర్లలో అది ఒకే రకం మాట. మీ ఇల్లు తెరిచి ఉన్న రెండు రోజుల్లో వైఫైలో చేరిన ఏ కుర్రాడైనా సరదాకి ఆ పేజీ తెరిచి చూసి ఉండొచ్చు. అది కూడా మార్చేయండి. మార్చినది రేషన్ కార్డూ ఆధార్లూ ఉంచే కవర్లో కాగితం మీద రాసి పెట్టుకోండి, లేకపోతే మళ్ళీ ఆ కేబుల్ అబ్బాయే దిక్కవుతాడు. ఆ తర్వాత అదే పేజీలో ‘కనెక్టెడ్ డివైసెస్’ అని జాబితా ఉంటుంది. మీ రెండు ఫోన్లు, టీవీ, కెమెరా, ఇంకేమైనా మీ ఇంట్లోవి లెక్కేసుకోండి. పాస్‌వర్డ్ మారింది కాబట్టి అన్నిటిలోనూ కొత్తది మళ్ళీ కొట్టాలి. కొట్టాక కూడా లెక్కకి మించి కనిపిస్తే అప్పుడు నాకు రాయండి.

కెమెరాకి వేరే పాస్‌వర్డ్ ఉంటుంది. కొన్నప్పుడు వచ్చినదే ఇంకా నడుస్తుంటే దాన్నీ మార్చండి. నా దృష్టిలో మీ ఇంట్లో అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఆ కెమెరా దగ్గరే. మీవారు కేకలేశారని రాశారు. కేకలెయ్యక్కర్లేదు గానీ, ఆయన భయం తప్పు కాదు.

అయితే ఆ భయం దేని గురించో కూడా సరిగా తెలియాలి. మీ యూపీఐ పిన్ను ఆ కుర్రాళ్ళకి కనిపించి ఉంటుందా? ఉండదు. డబ్బుల యాప్‌లు తమ మాటల్ని తామే మూటగట్టి పంపుతాయి, వైఫైకి తాళం ఉన్నా లేకపోయినా ఆ మూట విడదు. కాబట్టి బ్లౌజుల డబ్బుల గురించి దిగులు వద్దు. అసలు ఇబ్బంది వేరే ఉంది. మీ వైఫైలో చేరినవాడు మీ ఇంట్లో కాలు పెట్టినట్టే. మీ కెమెరా, టీవీ, రౌటర్ పేజీ వాడికి పక్కగదిలో ఉన్నట్టు ఉంటాయి. రెండోది, వాడు మీ నెట్టు మీద ఏ వెధవపని చేసినా బయటికి కనిపించేది మీ కనెక్షనే. దానిమీద ఉన్నది మీవారి పేరు.

టీవీ ఎందుకు ఆగి ఆగి వచ్చిందంటారా? అది కూడా ఆ ‘వెప్’ మహిమే. 2009లో వచ్చిన ‘ఎన్’ రకం వైఫై నుంచి ఇటువైపు ఉన్న వేగాలేవీ వెప్ తాళంతో పనిచెయ్యవు, నిబంధనలే ఒప్పుకోవు. వెప్ పెట్టగానే రౌటర్ పాతకాలపు వేగానికి దిగిపోతుంది, కాగితం మీద 54 ఎంబీపీఎస్, చేతికందేది అందులో సగమో ఇంకా తక్కువో. దాన్నే టీవీ, ఫోన్లు, కెమెరా అన్నీ పంచుకోవాలి. కొత్త ఎక్స్‌ప్రెస్ బండికి పాసింజర్ ఇంజన్ తగిలించినట్టు. డబ్ల్యూపీఏ2కి మార్చిన రాత్రే టీవీ దారికొస్తుంది చూడండి.

ఇప్పుడు ఆ బూడిదరంగు తాళం కథ. మీ చేతిలోని ఆ చిన్న గేమ్ మీమీద కక్ష కట్టలేదు, అది పుట్టిన కాలం అలాంటిది.

వైఫైకి మొట్టమొదటి తాళం 1997లో వచ్చింది. దాని పేరే వెప్. దాని తాళంచెవి కూడా విడ్డూరం, అక్షరాల్లో రాస్తే సాధారణంగా సరిగ్గా ఐదో, పదమూడో ఉండాలి, అటూ ఇటూ అయితే ఒప్పుకోదు. అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. మాట పంపిన ప్రతిసారీ తాళంచెవిని కొంచెం వేరేగా తిప్పాలి, లేకపోతే వినేవాడు పట్టేస్తాడు. వెప్‌లో అలా తిప్పే తీరులు 1,67,77,216 మాత్రమే. వినడానికి పెద్ద అంకే. కానీ ఇంట్లో ఒక సినిమా చూస్తే లక్షల్లో మూటలు గాల్లో పోతాయి. కొన్ని గంటల్లో తీరులు మళ్ళీ మొదటికొస్తాయి. పైగా ఏ తీరులో తిప్పుతున్నదీ బాహాటంగా చెప్పి మరీ తిప్పుతుంది. గోడవతల చెవిపెట్టి కూర్చున్నవాడికి అంతకంటే ఏం కావాలి? 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అని ముగ్గురు ఆ లోపాన్ని లెక్కలతో సహా బయటపెట్టారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక్క నిమిషం లోపల దాన్ని తెరిచి చూపించారు. మీరు పాలు పొయ్యి మీద పెట్టి పంచదార డబ్బా వెతుక్కునే లోపు అన్నమాట. అంటే వెప్ పెట్టిన ఇంటికీ తాళం లేని ఇంటికీ తేడా, గొళ్ళెం పెట్టిన తలుపుకీ చేరవేసిన తలుపుకీ ఉన్నంతే.

మధ్యలో 2003లో డబ్ల్యూపీఏ అని అతుకులేసిన తాళం ఒకటి, 2004లో డబ్ల్యూపీఏ2 అని గట్టి తాళం వచ్చాయి. వైఫై ముద్ర వేసుకోవాలంటే డబ్ల్యూపీఏ2 ఉండి తీరాలన్న నిబంధన 2006 మార్చిలో అమల్లోకొచ్చింది. చిత్రం ఏమిటంటే, మీ గుంటడి చేతిలో ఉన్న డీఎస్ లైట్ జపాన్‌లో అమ్మకానికొచ్చింది సరిగ్గా అదే నెల. లోకమంతా కొత్త తాళానికి మారిన నెలలో అది పాత తాళంచెవి పట్టుకుని వీధిలోకొచ్చింది.

కంపెనీ వాళ్ళకి తెలీక కాదు. దాని లోపలి మెదళ్ళు రెండు, ఒకటి 67 మెగాహెర్ట్జ్, ఇంకోటి 33. జ్ఞాపకానికి 4 ఎంబీ. ఇవాళ మీ ఫోన్లో ఒక్క ఫొటోకి కూడా ఆ 4 ఎంబీ చాలకపోవచ్చు. ధర తగ్గాలి, బ్యాటరీ రోజంతా రావాలి, పిల్లలు కింద పడేసినా బతకాలి. తాళం దగ్గర సర్దుకున్నారు. సరే, ఆ తర్వాతైనా సరిచేశారా అంటే, డీఎస్ లైట్‌కి మన ఫోన్లలాగ అప్‌డేట్ చేసుకునే దారే లేదు. పుట్టినప్పుడు నేర్చుకున్నదే దానికి చివరిదాకా. కాబట్టి బూడిదరంగు తాళం బొమ్మకి అర్థం ‘మీ పాస్‌వర్డ్ తప్పు’ అని కాదు, ‘ఈ రకం తాళం నేను ఎరగను’ అని. 51తో మొదలయ్యే నంబర్లన్నీ రౌటర్‌తో పొసగలేదన్న ఫిర్యాదులే. మీరు పది రోజులు కాదు, పదేళ్ళు కొట్టినా అదే నంబరు వచ్చేది.

కొత్త రౌటర్ ఎందుకు వద్దన్నానో కూడా ఇక్కడే చెప్తాను. కొత్తవాటిలో చాలామటుకు వెప్ అన్న మాటే మెనూలోంచి తీసేశారు. మీ డీఎస్ మాట్లాడేది సెకనుకి ఒకటి రెండు మెగాబిట్ల నింపాది భాష. ఆ నెమ్మది వేగాల్ని కొన్ని కొత్త రౌటర్లు అసలు పలకవు.

మీకు నీతులు చెప్తున్నానని అనుకోకండి, ఈ పని నేనూ చేశాను. 2009 ప్రాంతంలో విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర అద్దెకుండేవాళ్ళం. వేసవి సెలవులకి వచ్చిన మా మేనల్లుడి దగ్గర పీఎస్‌పీ ఉండేది, అదీ చేతిలో పట్టుకుని ఆడే గేమే, సోనీ వాళ్ళది. మావయ్యకి కంప్యూటర్లు తెలుసు కదా అని నా ముందు పెట్టాడు. మొదటి సాయంత్రమంతా అసలు ఏ వైఫై కనిపించలేదు. రౌటర్ ఆపి వేశాను, పైకెక్కించాను, కిటికీ దగ్గర పెట్టాను. మా అక్క పకోడీలు తెచ్చిపెట్టి, ‘ఇదేటిరా ఇక్కడ ఓ చిన్న స్విచ్చుంది’ అని పీఎస్‌పీ ఎడమ అంచున వేలు పెట్టి చూపించింది. వైఫై మీట. కిందికి నొక్కి ఉంది. ఆవిడ ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. ఆ సాయంత్రం నేను పకోడీలు తినలేదు.

మర్నాడు పేరు కనిపించింది గానీ కలవలేదు. పీఎస్‌పీకి వెప్‌తో పాటు డబ్ల్యూపీఏ కూడా వచ్చు, డబ్ల్యూపీఏ2 మాత్రం రాదు. రౌటర్‌ని ఒక్క మెట్టు కిందికి దింపితే సరిపోయేది. నాకు అంత ఓపికెక్కడిది? పాస్‌వర్డ్ తీసి పారేశాను. కలిసింది. వాడు ఎగిరి గంతేశాడు, నేను మీసం తిప్పాను. ఆ రోజుల్లో నెట్టు వాడకానికి లెక్క కట్టి బిల్లేసేవారు. మా మేడమీద ఇంటర్ పిల్లలు నలుగురుండేవారు, బుద్ధిమంతులు, కనిపిస్తే నమస్కారం పెట్టేవారు. నెలాఖరుకి మామూలుగా వచ్చేదానికి ఐదింతలు బిల్లొచ్చింది. కంపెనీ ఆఫీసుకెళ్ళి గంట దెబ్బలాడాను. అక్కడమ్మాయి ఓపిగ్గా తేదీలవారీ కాగితం తీసి చూపించింది. రాత్రి పన్నెండు నుంచి తెల్లారి నాలుగు దాకా, రోజూ. నేను ఇంటికొచ్చి మేడమీదికి చూసి, ఏమీ అనకుండా బిల్లు కట్టేశాను. ఏమనగలను, తలుపు తీసింది నేనే.

ఇక మీ బుర్రలో మెదులుతున్న ప్రశ్న, దొడ్డిదారి ఏదైనా ఉందా అని. ఉంది. మూతపడ్డ నింటెండో సర్వర్ల బదులు అభిమానులు సొంతంగా నడిపే సర్వర్లు ఉన్నాయి. గేమ్‌లో కొన్ని అంకెలు మార్చి వాటికి మళ్ళించుకుంటారు. కానీ అప్పుడు కూడా గేమ్‌కి తాళం లేని వైఫైయో, వెప్ వైఫైయో కావాల్సిందే. దానికి కొంతమంది చేసేది ఏమిటంటే, ఇంటి రౌటర్ జోలికి పోకుండా పాత ఫోన్‌లో పాస్‌వర్డ్ లేని హాట్‌స్పాట్ ఒక అరగంట తెరిచి, ఆడాక మూసేస్తారు. కొన్ని ఫోన్లతో డీఎస్ కలుస్తుంది, కొన్నిటితో కలవదు. ఇంటి వైఫై బయట జరిగే పని కాబట్టి కెమెరాకి ప్రమాదం లేదు. అయినా ఐదో తరగతి పిల్లాడికి ఇది నేను చెప్పను. అవతల ఆడేది ఎవరో తెలీదు, నడిపేది ఎవరో తెలీదు, ఇంకో పది రోజులు మీ మిషను పక్కన పడి ఉంటుంది. మీ అన్నయ్య కొడుకు దగ్గర అసలు డీఎస్ ఉందో లేదో కూడా కనుక్కోండి. వాళ్ళది ఇక్కడే ఇచ్చేశారు కదా! పాపం మీవాడు, అవతల గేమే లేని బావ కోసం ఇక్కడ తాళాలు బద్దలు కొట్టిస్తున్నాడు.

డీఎస్ లైట్‌లో నిజంగా బాగుండేది వేరే ఉంది, దానికి రౌటరూ నెట్టూ అక్కర్లేదు. రెండు డీఎస్‌లు ఒకే గదిలో ఉంటే అవి నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మారియో కార్ట్ అయితే అందరికీ కలిపి ఒక్క గేమ్ కార్డు ఉంటే చాలు, కార్డు లేనివాళ్ళు మొదటి తెరలో ‘డౌన్‌లోడ్ ప్లే’ నొక్కితే రేసు వాళ్ళ తెరమీదికి వచ్చేస్తుంది. అలా ఎనిమిది మంది దాకా ఆడొచ్చు. కార్డు లేనివాళ్ళకి రేసు దారులు కొన్నే వస్తాయి, బండి కూడా ఎంచుకునే వీలుండదు. పిల్లలకి అదేం లెక్క కాదు. ఇలా గదిలో కలిసే దానికి ఎప్పుడూ సర్వర్ లేదు కాబట్టి మూతపడే గొడవ లేదు.

పిక్టోచాట్ అని ఇంకోటి ఉంటుంది, డీఎస్ తెరవగానే మొదటి పేజీలోనే. కింది తెరమీద పుల్లతో రాసి పంపితే ఎదుటివాళ్ళ పై తెరమీద పడుతుంది. దానికి తెలుగు కీబోర్డు అక్కర్లేదు, మీ చేత్తో మీరు ‘అన్నం తిందువుగాని రా’ అని రాసి పంపొచ్చు. మా మేనల్లుడి తర్వాతివాళ్ళు రెండు డీఎస్‌లతో దసరా సెలవులన్నీ ఇలాగే గడిపారు. వంటింట్లోంచి ఒకడు, అటకమీంచి ఒకడు. అక్షరాలు పల్లికాయల్లా వంకర్లు తిరిగేవి గానీ తెలుగే రాసేవారు, బళ్ళో రాయమంటే రాయనివాళ్ళు. కాబట్టి మీ అన్నయ్య మళ్ళీ వచ్చేటప్పుడు ఇంకేదో కొత్తది తెస్తానంటే, ఇంట్లో మూలపడ్డ రెండో డీఎస్ ఉంటే అది తెమ్మనండి.

వేరేదే తెస్తానని పట్టుపడితే మాత్రం మోడల్ పేరు అడిగి తెలుసుకోండి, పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. డీఎస్ఐ అని ఒకటుంది, దానికి డబ్ల్యూపీఏ2 వచ్చు, సెట్టింగ్‌లలో 4, 5, 6 నంబర్ల కనెక్షన్లలో పెట్టుకోవాలి. కానీ పాత డీఎస్ కార్డు అందులో పెడితే అది మొదటి మూడు కనెక్షన్లనే చూస్తుంది, మళ్ళీ వెప్పే. 2011లో వచ్చిన 3డీఎస్‌కీ డబ్ల్యూపీఏ2 వచ్చు, అయితే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే కనిపిస్తుంది, 5 కనిపించదు. దాని ఆన్‌లైన్ ఆటలు కూడా 2024 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. నింటెండో వాళ్ళదే స్విచ్ అనే గేమ్ అయితే ఈ రెండు రకాల వైఫైలకీ కలుస్తుంది, మీ డబ్ల్యూపీఏ2తో ఏ పేచీ లేదు, బావతో ఆట కూడా కుదురుతుంది, కాకపోతే ఆన్‌లైన్ రేసుకి చందా కట్టాలి. అలాంటిది ఏదొచ్చినా దాన్ని మీ అసలు వైఫైలో పెట్టకండి. రౌటర్ పేజీలో ‘గెస్ట్ నెట్‌వర్క్’ అని ఉంటుంది, అది తెరిచి దానికి వేరే పాస్‌వర్డ్‌తో డబ్ల్యూపీఏ2 పెట్టి గేమ్‌ని అక్కడ కూర్చోబెట్టండి. కెమెరా ఉన్న గదిలోకి రాకుండా అరుగుమీద కూర్చోబెట్టినట్టు. చదువుల టైములో ఆ ఒక్కదాన్నీ కట్టేసుకోవచ్చు, మీ బ్లౌజుల పని ఆగదు. అతిథి తాళం కూడా వెప్ పెట్టొద్దని వేరే చెప్పాలా?

వాడికి ఏం చెప్పాలని అడిగారు. ఉన్నదే చెప్పండి. ‘ఇది నీకంటే పెద్దది నాన్నా, వాళ్ళ ఆటస్థలం నువ్వు పుట్టే రోజులకే మూసేశారు, మన వైఫై తప్పు కాదు, నీ తప్పు కాదు’ అని. ఐదో తరగతి పిల్లలకి ఇది బాగానే అర్థమవుతుంది. ‘చూద్దాంలే’, ‘ఆదివారం నాన్నొచ్చాక’ అంటూ నానబెడితేనే రోజూ అడుగుతారు. ఒక పూట అలుగుతాడు. అలిగితే అలగనివ్వండి. సాయంత్రానికి ఒక్కడూ ఆడుకునే రేసులో కప్పులు గెలవడం మొదలెడతాడు, అందులో ఇంకా తెరుచుకోని బళ్ళూ దారులూ బోలెడుంటాయి.

ఆ వేడెక్కే పెట్టె మాత్రం నన్ను కంగారు పెడుతోంది. దానికీ వైఫైకీ సంబంధం లేదు. అమెరికాలో అమ్మిన డీఎస్ లైట్ ఛార్జరు 120 ఓల్టులది, మన గోడలో వచ్చేది 230. అందుకే మీ అన్నయ్య కరెంటు తగ్గించే ఆ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఇచ్చాడు. అది లేకుండా పిన్ను మార్చి నేరుగా గోడకి గుచ్చితే ఛార్జరు అక్కడికక్కడే పోతుంది, మీ ఇంట్లో ఎవరూ ఆ సాహసం చెయ్యకుండా చూడండి. పెట్టె గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత అంటే వాడకం ఆపేయండి. డీఎస్ లైట్‌కి సరిపోయే యూఎస్‌బీ తీగలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఒక వైపు మీ ఫోన్ ఛార్జర్‌కి, ఇంకో వైపు గేమ్‌కి. కొనేటప్పుడు ‘డీఎస్ లైట్’ అని రాసి ఉందో లేదో చూసుకోండి, డీఎస్ఐదీ 3డీఎస్‌దీ దీనికి పట్టదు. ఛార్జింగ్ అవుతున్నప్పుడు నారింజ దీపం వెలుగుతుంది, ఆరిపోతే నిండినట్టు. అప్పుడు తీసేయండి, రాత్రంతా ఒగ్గేయొద్దు.

తీగ వచ్చేలోగా గేమ్‌ని తిరగేసి వెనక ఒక్క స్క్రూతో బిగించిన చిన్న మూత చూడండి. దాని కింద బ్యాటరీ ఉంటుంది. ఎన్నేళ్ళ క్రితందో మనకి తెలీదు. మూత మీద అరచెయ్యి పెట్టి నిమిరితే చదునుగా తగలాలి. ఉబ్బెత్తుగా తగిలితే ఛార్జింగ్ పెట్టకుండా, బ్యాటరీ తీయించి, ఆ మోడల్‌దే కొత్తది వేయించండి. మూత తీయడం గుంటడికి మాత్రం అప్పచెప్పొద్దు.